సరుకులు మోసిన సేనాని

వైమానిక దళంలో పేరంతా ఫైటర్లు, బాంబర్లు నడిపినవాళ్లదే. సరుకుల విమానాల వాళ్లంటే అమెరికాలోనూ చిన్నచూపే. విలియం టన్నర్ లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగింది మాత్రం ఆ పనిలోనే.

1906లో న్యూజెర్సీలో పుట్టాడు, 1928లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి బయటికొచ్చాడు. అసలు పరీక్ష 1944 సెప్టెంబరులో, మన అస్సాంలో ఎదురైంది. చైనాకు వెళ్లే బర్మా రోడ్డును జపాన్ అప్పటికే తెంచేసింది. దాంతో చైనా సైన్యానికి పెట్రోలు, మందుగుండు ఛబువా, జోర్హాట్ వంటి స్థావరాల నుంచి హిమాలయాల తూర్పు కొసలు దాటి కున్మింగ్‌కు విమానాల్లోనే వెళ్లాలి. ‘హంప్’ అనే ఆ దారి పొడవునా కూలిన విమానాల శకలాలే. 650 గంటలు ఎగిరితే ఇంటికి పంపేస్తారన్న నిబంధన ఉండేది. ఎప్పుడు వెళ్లిపోదామా అని కొందరు పైలట్లు నెలకు 165 గంటలు కూడా ఎగిరేవారు. ఆ అలసటే ప్రాణాలు తీస్తోందని టన్నర్ పట్టేశాడు. గంటలు 750కి పెంచి, ఏడాది ఉండి తీరాలన్నాడు. పైగా గడ్డాలు గీసుకోమన్నాడు, పరేడ్లు పెట్టాడు. ‘కొరడా విల్లీ’ అని వాళ్లు తిట్టుకున్నారంటే తిట్టుకోరూ మరి! కానీ ప్రమాదాలు తగ్గాయి. 1945 జులైలో ఆ కొండలు దాటిన సరుకు 71 వేల టన్నులు.

1948 జూన్‌లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేశారు. 20 లక్షల మందికి తిండి, బొగ్గు ఆకాశం నుంచే రావాలి. ఆ విమానాల పని నడిపించడానికి టన్నర్ జులై చివర్లో వచ్చాడు. ఆగస్టు 13, శుక్రవారం. ఒక పైలట్‌కు బహుమతి ఇవ్వడానికి ఆయనే బెర్లిన్ బయలుదేరాడు. అక్కడి టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం మీద జోరువాన, కిందికి దిగిన మబ్బులు. ఒక సీ-54 సరుకుల విమానం రన్‌వే దాటిపోయి తగలబడింది. దాన్ని తప్పించబోయి ఇంకోదాని టైర్లు పేలాయి. పైన ఒకదానిమీద ఒకటిగా విమానాలు చక్కర్లు కొడుతున్నాయి, వాటి మధ్యలో జనరల్‌గారి విమానం! రేడియో అందుకుని, తనది తప్ప తక్కినవన్నీ వెనక్కి పంపేయమన్నాడు. ఆ తర్వాత పెట్టిన నియమం సూటిగా ఉంటుంది: మొదటి ప్రయత్నంలో దిగలేకపోతే మళ్లీ తిరగొద్దు, సరుకుతో సహా స్థావరానికి వచ్చెయ్యి. దిగిన పైలట్ విమానం వదిలి వెళ్లకూడదు, కాఫీ, చిరుతిళ్లు జీపులో అక్కడికే వస్తాయి. సాహసాలు చేసేవాళ్లకు ఇదంతా గుమాస్తా వ్యవహారంలా కనిపించి ఉంటుంది. నా లెక్కలో బెర్లిన్‌ను బతికించింది ఆ గుమాస్తాతనమే. 1949 ఈస్టర్‌కు ఒక్కరోజులో 12,941 టన్నులు చేరాయి. మే 12న దిగ్బంధం ఎత్తేశారు.

కొరియా యుద్ధంలోనూ ఆయన పని అదే. 1950 డిసెంబరులో మంచుకొండల్లో చిక్కుకున్న అమెరికా మెరైన్లు బయటపడేందుకు ఆయన విమానాలు వంతెన భాగాలను పారాచూట్లతో దించాయి. చివరి కొలువులో సరుకులకు పెద్ద జెట్ విమానాలు కావాలని వాషింగ్టన్‌తో పోరాడి, 1960 మేలో రిటైరయ్యాడు. ఆ జెట్, సీ-141, మొదటిసారి గాల్లోకి లేచేసరికి 1963 డిసెంబరు వచ్చింది.