దేనితో చేశారు? బెంగళూరులో నెట్సుకె సేకరణకు ఆధారాల పరిశీలన

పాత జపాన్ నెట్సుకె కొనబోయేవారు సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు: ఎప్పటిది, ఎవరు చెక్కారు, ఎంత పలుకుతుంది. బెంగళూరులో ఉండి కొనేవారు వీటికంటే ముందు అడగవలసింది మరొకటి ఉంది: దేనితో చేశారు? ఈ ప్రశ్నను ముందు పెట్టడానికి రెండు కారణాలున్నాయి. వయసు, సంతకం చెప్పే సాక్ష్యం కంటే పదార్థం చెప్పే సాక్ష్యం గట్టిది. మన చట్టం కూడా ముందుగా చూసేది దాన్నే. ఈ రెండు మాటలకూ ఉన్న ఆధారాలేమిటో, అవి ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడమే ఈ వ్యాసం పని.

వస్తువు, దాని పని

ఎదో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, జపాన్‌లో మగవారు కట్టిన కిమోనోకు జేబులు ఉండేవి కావు. పొగాకు సంచినో, ఇన్రో అనే అరల మందుల డబ్బీనో తాడుకు కట్టి, నడుముపట్టీ వెనక నుంచి పైకి లాగేవారు. ఆ తాడు కిందికి జారిపోకుండా పట్టీ అంచుమీద ఆగే చిన్న చెక్కడమే నెట్సుకె. మధ్యలో తాడును బిగించే పూసను ఒజిమె అంటారు. నెట్సుకె ఎక్కువగా 3 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. తాడు దూరడానికి రెండు రంధ్రాలుంటాయి. బట్టకు తగిలి చిరగకుండా, విరగకుండా కాళ్లు, చెవులు, తోకలు ఒంటికి అంటుకుపోయినట్టు చెక్కుతారు. మనిషి, జంతువు వంటి పూర్తి ఆకారాలను కతబొరి అనీ, గుండ్రని బిళ్ళలను మంజూ అనీ పిలుస్తారు.

1868 తర్వాత మెయిజీ పాలనలో పాశ్చాత్య దుస్తులు, సిగరెట్లు వచ్చాక ఈ వస్తువుకు స్వదేశంలో పని తగ్గి, విదేశాల్లో గిరాకీ పెరిగింది. 1870లలో పారిస్‌లో చార్ల్స్ ఎఫ్రుస్సీ కొన్న 264 నెట్సుకెల కథను, ఆ కుటుంబానికే చెందిన ఎడ్మండ్ డి వాల్ 2010లో పుస్తకంగా రాశాక సాధారణ పాఠకులకూ వీటిపై ఆసక్తి కలిగింది. సేకర్తకు దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. నడుముకు కట్టుకోవడానికి చేసినవి, విదేశీయులకు అమ్మడానికి చేసినవి, ఇటీవల అచ్చు పోసినవి ఒకే సంతలో పక్కపక్కనే కనిపిస్తాయి.

పదార్థం చెప్పే సాక్ష్యం

నెట్సుకెలకు ఎక్కువగా వాడినవి బాక్స్‌వుడ్ చెక్క, ఏనుగు దంతం. దుప్పి కొమ్ము, అడవిపంది కోర, తిమింగలం పన్ను, హార్న్‌బిల్ పక్షి ముక్కుపై ఉండే గట్టి భాగం, వెదురు, పింగాణీ, లోహం, కాయల గింజలు కూడా కనిపిస్తాయి. జపాన్‌లో ఏనుగులు లేవు కాబట్టి దంతమంతా దిగుమతి చేసుకున్నదే. షమిసెన్ వాద్యాన్ని మీటే పెద్ద దంతపు మీటుల తయారీలో మిగిలిన ముక్కలనే చెక్కినందువల్ల కొన్ని పాత నెట్సుకెల అడుగు త్రికోణంగా ఉంటుందని నిపుణులు భావిస్తారు.

దంతాన్ని గుర్తించడానికి అందరూ చెప్పే గుర్తు ష్రెగర్ గీతలు. దంతాన్ని అడ్డంగా కోసిన తలంలో, ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపించే సన్నని గీతలివి. బయటి అంచు దగ్గర వీటి కోణాలు 115 డిగ్రీలకు మించితే అది నేటి ఏనుగుది, 90కి లోపు ఉంటే అంతరించిన మామత్‌ది. రెండింటి మధ్యా పడితే కోణం ఒక్కటే చూసి తేల్చలేం. చిన్న చెక్కడంలో ఈ కోణం కొలవడానికి అనువైన తలం దొరకకపోవచ్చు. గీతలు కనపడనంత మాత్రాన దంతం కాదనుకోకూడదు. కనిపిస్తే మాత్రం అది బలమైన సాక్ష్యం.

ఎముకను భూతద్దంలో చూస్తే సన్నని నల్లని చుక్కలు, గీరలు కనిపిస్తాయి. ఒకప్పుడు రక్తనాళాలు నడిచిన దారులవి. అచ్చు పోసిన రెసిన్‌లో అతుకు గీత, గాలి బుడగలు, గీత గీతకూ ఒకేలాంటి గోధుమ రంగు పూత బయటపడతాయి. అతినీలలోహిత కాంతిలో దంతం, ఎముక నీలిమతో కూడిన తెలుపుగా మెరుస్తాయి; చాలా ప్లాస్టిక్‌లు మసకగా ఉండిపోతాయి. కాల్చిన సూది గుచ్చి చూడమని పాతకాలపు సలహా ఒకటుంది. వస్తువును పాడుచేసి, తక్కువ తెలిపే పరీక్ష అది, చేయకపోవడమే మంచిది.

సందేహం తీరకపోతే ప్రయోగశాలకు వెళ్లాలి. వన్యప్రాణుల అవశేషాలను డీఎన్‌ఏ ద్వారా గుర్తించే పనిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల దేశమంతటికీ తెలిసినదే. రేడియోకార్బన్ పరీక్ష మరో సంగతి చెప్పగలదు. 1950ల నడిమి నుంచి జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 జంతువు శరీరంలోకీ చేరింది. ఆ గుర్తు దంతంలో ఉంటే అది ఎదో కాలంనాటి నెట్సుకె కాదు. అయితే దంతం పాతదైనంత మాత్రాన చెక్కడం పాతదని రుజువు కాదు. పాత దంతంపై నిన్ననే చెక్కి ఉండవచ్చు.

బెంగళూరులో చట్టం ఏం చూస్తుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1986 సవరణ భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని మూసేసింది. 1991 సవరణ దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతానికీ ఆ నిషేధాన్ని విస్తరించింది. దీన్ని సవాలు చేసిన వ్యాపారుల వాదనలను సుప్రీంకోర్టు 2003లో తోసిపుచ్చింది. అదే ఏడాది బలరాం కుమావత్ కేసులో మామత్ దంతం కూడా ఈ నిషేధం కిందికే వస్తుందని తేల్చింది. కొన్ని దేశాల్లో ‘అంతరించిన జంతువుది కాబట్టి అభ్యంతరం లేదు’ అంటూ కొత్త మామత్ నెట్సుకెలు అమ్ముతారు. ఆ మాట ఇక్కడ చెల్లదు.

పురాతన వస్తువుల విషయంలో దేశాల మధ్య తేడాలు చాలా ఉన్నాయి. బ్రిటన్ దంతం చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. 1918కి ముందువైన, అసాధారణ కళా విలువ ఉన్న వాటికి ధ్రువపత్రం తీసుకుని అమ్మే వీలు ఉంచింది. అమెరికాలో నూరేళ్లు దాటిన వాటికి పత్రాల రుజువుతో మినహాయింపు ఉంది. జపాన్‌లో దేశంలోపల దంతం వ్యాపారం నియంత్రణల మధ్య ఇంకా నడుస్తోంది. మన చట్టంలో మాత్రం, నూరేళ్లు దాటిన దంతమైతే అమ్ముకోవచ్చు అనే మినహాయింపు లేదు. కాబట్టి లండన్‌లోనో, ఒసాకాలోనో సక్రమంగా వేలంలో కొన్న దంతపు నెట్సుకె బెంగళూరు చేరేసరికి అంతే సక్రమమైనదిగా ఉండదు.

వారసత్వం సంగతి వేరు. తాతగారి పెట్టెలోంచి దంతపు వస్తువు వస్తే, వారసత్వంగా అందిన 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలని చట్టం చెబుతుంది. కర్ణాటకలో ఆ కార్యాలయం మల్లేశ్వరంలోని అరణ్య భవన్‌లో ఉంది. యాజమాన్య పత్రం ఉన్నా అమ్మడానికి వీల్లేదు. 2022 సవరణ, అక్కర్లేదనుకున్నవారు వస్తువును స్వచ్ఛందంగా అప్పగించే దారి కూడా చూపింది. దానికి పరిహారం ఉండదు.

వస్తువు చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. 2023 అక్టోబరులో బెంగళూరులో ఒక టీవీ రియాలిటీ షోలో పాల్గొంటున్న వ్యక్తిని పులిగోరు లాకెట్ ధరించినందుకు అటవీ శాఖ అరెస్టు చేసింది. నెట్సుకెల్లో వాడిన హార్న్‌బిల్, తిమింగలం పన్ను వంటివాటికీ అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ పరిమితులున్నాయి. జంతు పదార్థం ఏదైనా సరే, కొనకముందే అనుమతుల సంగతి తేల్చుకోవాలి.

రెండో చట్టం పురావస్తువులు, కళాఖండాలది. అదీ 1972దే, అమలు 1976 నుంచి. అందులో ‘పురావస్తువు’ నిర్వచనానికి వయసు నూరేళ్లు. భారత్‌లో తయారై ఉండాలన్న షరతు లేదు. ఆ లెక్కన ఇక్కడున్న 1850ల నాటి బాక్స్‌వుడ్ నెట్సుకె కూడా ఆ నిర్వచనంలోకి వస్తుందని చదవడమే న్యాయం. ప్రైవేటు వ్యక్తులు పురావస్తువులను దేశం దాటించలేరు. అందుకే విదేశం నుంచి తెచ్చుకునేవారు కస్టమ్స్ కాగితాలు, కొన్న రసీదు, ఫొటోలు దాచుకోవాలి. రేపు తిరిగి పంపవలసి వస్తే, ఆ వస్తువు ఎప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి అవే ఆధారాలు.

మైసూరు చేతిపనివారి అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. రోజ్‌వుడ్‌లో దంతం పొదిగే పని వారిది. వ్యాపారం మూతపడ్డాక ప్లాస్టిక్ వంటి తెల్లని పదార్థాలకు మారారు, పొదుగుడు పని ఆగలేదు. పదార్థం మారినా నైపుణ్యం నిలవగలదనడానికి ఇది దగ్గరి ఉదాహరణ. బాక్స్‌వుడ్ నెట్సుకెలను రెండో తరగతిగా చూసే సేకర్తలు ఒకసారి ఆలోచించవలసిన సంగతి కూడా.

వయసు, సంతకం: బలహీన సాక్షులు

1781లో ఒసాకాకు చెందిన ఇనబ త్సూర్యూ కత్తుల అలంకారాలపై ‘సోకెన్ కిషో’ అనే ఏడు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. చివరి సంపుటంలో 50 మందికి పైగా నెట్సుకె శిల్పుల పేర్లున్నాయి. వీరిలో క్యోటో శిల్పి తొమొతద ఒకరు. ఆయన ఎద్దు బొమ్మలకు గిరాకీ ఎంతో, నకళ్లు అంతగా ఉన్నాయని ఆ పుస్తకమే హెచ్చరించింది. అంటే నకలు సమస్య విదేశీ సేకర్తలతో మొదలైంది కాదు. శిల్పుల తొలి పట్టికతోపాటే నమోదైంది.

దీనికి తోడు, శిష్యులు గురువు పేరు చెక్కేవారు. మసనవొ వంటి పేర్లను తరతరాలుగా వేర్వేరు శిల్పులు వాడారు. కాబట్టి సంతకం ‘ఈ చెక్కడం ఈ సంప్రదాయానిదని చెప్పుకుంటోంది’ అని మాత్రమే తెలుపుతుంది. పని తీరు, పదార్థం, అక్షరాల పోకడ మూడూ ఒక చోట కలిసినప్పుడే దానికి విలువ.

అరుగుదల కొంత మేలైన సాక్షి. నిజంగా కట్టుకున్న నెట్సుకెలో తాడు ఒరిసిన రంధ్రపు అంచు, నడుముకు ఆనిన వెనకభాగం ఎక్కువగా అరిగి ఉంటాయి. ముడి దాక్కోవడానికి ఒక రంధ్రం పెద్దగా ఉండడం కూడా గమనించదగ్గదే. చేయి చేరని లోతైన మడతలు కూడా సమానంగా అరిగి ఉంటే సందేహించాలి. టీ డికాషన్‌తో, పొగతో పాతరంగు తెప్పించడం కష్టం కాదు. అరుగుదలను రంగుతో కాక, అది ఎక్కడ ఉంది, ఎందుకు ఉంది అన్నదానితో అంచనా వేయాలి.

తాడు రెండో చివర

నెట్సుకె పట్టి ఉంచిన సంచిని మన పాఠకులు మరచిపోకూడదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో స్థావరం పెట్టింది. 1641 నుంచి జపాన్‌లో దాని వ్యాపారం నాగసాకి ఓడరేవులోని దెజిమా దీవికి పరిమితమైంది. కోరమాండల్ తీరపు వస్త్రాలు బటావియా మీదుగా అక్కడికి చేరేవి. భారతీయ అద్దకపు బట్టను జపాన్‌లో సరస అంటారు. టీ వేడుకల పాత్రల సంచులకు, పొగాకు సంచులకు ఆ ముక్కలు ఎంతో ఇష్టంగా వాడారు. హికొనె ప్రభువుల ఇంట దాచిన దాదాపు 450 ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక్కడా జాగ్రత్త కావాలి. గుజరాత్ అద్దకాలు కూడా ఆసియా మార్కెట్లకు వెళ్లాయి. పొగాకు సంచి మీద ఎర్రని పూలు కనిపించినంత మాత్రాన అది కృష్ణా తీరానిదని చెప్పలేం. నేత, గీత, అద్దకం మూడూ చూడాలి. ఎరుపు చిరివేరు నుంచి వచ్చిందా, మంజిష్ఠ నుంచా అన్నది రంగు విశ్లేషణ తేల్చే అవకాశం ఉంది. బట్ట విషయంలోనూ పదార్థమే మొదటి సాక్షి.

ఏది ఎంత గట్టిగా చెప్పవచ్చు?

దంతపు నెట్సుకెను బెంగళూరులో కొనడం, అమ్మడం వయసుతో నిమిత్తం లేకుండా చట్టవిరుద్ధం. ఇది గట్టిగా చెప్పవచ్చు. మామత్ పేరు చెప్పినా అంతే. సంతకం ఒక్కటే చూసి శిల్పిని నిర్ణయించడం నిలబడదు. ఇదీ గట్టి మాటే. అరుగుదలతో వయసు అంచనా వేయడం మధ్యస్థమైన సాక్ష్యం. పొగాకు సంచి బట్టను ఆంధ్ర తీరానికి ముడిపెట్టడం పరీక్ష జరిగేదాకా ఊహ మాత్రమే.

వీటిని కలిపి చూస్తే ఇక్కడి సేకర్తకు మిగిలే దారి ఇది: చెక్క, వెదురు, లోహం, పింగాణీ నెట్సుకెలు; వాటితోపాటు ప్రతి వస్తువుకూ రసీదు, దిగుమతి కాగితం, అన్ని వైపులనుంచీ తీసిన ఫొటోలు. దంతపు పనితనం చూడాలనుకున్నవారికి మ్యూజియాలున్నాయి. ఇలా చేస్తే సేకరణ చిన్నదవుతుంది, నిజమే. కానీ అందులోని ప్రతి వస్తువు గురించీ చెప్పే మాటకు వెనుక ఒక ఆధారం ఉంటుంది.