సెంట్రింగ్ వైపు నుంచి చూస్తే

రెండు ఒడ్డుల నుంచి వచ్చిన కాంక్రీటు ఆర్చి నడుమ కలిసి గట్టిపడేదాకా తన బరువు తాను మోయలేదు. అందాకా మోసేది కింద తాత్కాలికంగా నిలిపే ఆసరా, సెంట్రింగే. పెద్ద నదుల మీది హైవే ఆర్చిల చరిత్ర నిజానికి పనయ్యాక పీకి పారేసే ఆ సెంట్రింగ్ చరిత్రే.

ఫ్రాన్సులో యూజీన్ ఫ్రేసినే కట్టిన ప్లూగాస్తెల్ వంతెన 1930లో తెరుచుకుంది. ఆర్చిలు మూడు, చెక్క సెంట్రింగ్ మాత్రం ఒకటే. ఒక ఖానా పూర్తికాగానే దాన్ని పంట్ల మీద తేల్చి పక్క ఖానాకు చేర్చారు.

స్వీడన్‌లో ఓంగర్మాన్ నది మీద సాండో వంతెనకూ చెక్కనే నమ్ముకున్నారు. అయితే ఇక్కడ 264 మీటర్లు ఒకే ఖానాలో దాటాలి, సెంట్రింగ్‌కు నది మధ్యలో ఆసరా లేదు. 1939 ఆగస్టు 31న పని జరుగుతుండగానే అది కూలి 18 మంది చనిపోయారు. మర్నాడే జర్మనీ పోలండ్ మీద పడింది. యుద్ధవార్తల కింద ఈ చావులు కనపడకుండా పోయాయి. రెండోసారి నదిలో పైల్స్ దించి, వాటి మీద సెంట్రింగ్ నిలిపారు. 1943లో తెరిచిన ఆ వంతెన 1963 దాకా ప్రపంచంలో అతి పొడవైన కాంక్రీటు ఆర్చి. రికార్డుల పట్టికలో 264 పక్కన 18 కూడా రాసి ఉంచాలి.

1964లో సిడ్నీ గ్లేడ్స్‌విల్ వంతెన 305 మీటర్లతో ప్రపంచ రికార్డు అందుకుంది. సెంట్రింగ్ ఉక్కుది. బోలు కాంక్రీటు దిమ్మెలను దాని మీద పేర్చి, మధ్య మధ్య పెట్టిన జాకీలను ఉబ్బించి ఆర్చినే పైకి లేపారు. కింది ఉక్కును పక్కకు జరిపి తర్వాతి వరుస మొదలెట్టారు.

చైనాలో యాంగ్‌ట్జీ మీద 1997లో ముగిసిన వాన్‌షియన్ వంతెన ఖానా 420 మీటర్లు. అంత లోతైన నదిలో సెంట్రింగ్ నిలపడం అయ్యే పని కాదు. ఉక్కు గొట్టాల చట్రాన్ని రెండు ఒడ్డుల నుంచీ కేబుళ్లతో వేలాడదీస్తూ మధ్యలో కలిపి, గొట్టాల్లో కాంక్రీటు నింపి, పైన కూడా పోశారు. తీయాల్సిన సెంట్రింగ్ ఆర్చి లోపలే ఉండిపోయింది.

మన రాజమండ్రి ఆర్చి వంతెనా 1997 నాటిదే. కానీ అది రైలుది, జాతీ వేరు. ఆర్చి కొసలను కింది గర్డరు నారిలా బిగించి పట్టుకుంటుంది కనుక ఆర్చి పక్కలకు తోసే తోపు పునాదుల మీద పడదు. వాన్‌షియన్ లాంటి ఆర్చికి మాత్రం ఆ తోపును తట్టుకునే రాతి ఒడ్డులు తప్పనిసరి. చైనాలోనే గ్వాంగ్‌షీలో 2024లో తెరిచిన తియన్-అ వంతెనకు అవి దొరికాయి. అదే ఉక్కు చట్రం పద్ధతి, ఖానా 600 మీటర్లు.