కళ్ళములో కోడి వంతు

నేడు అద్దాల మేడలు నిలిచిన కొండాపూరు, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమగుటకు కొంతకాలము ముందటి వఱకును హైదరాబాదునకు పడమట నొక పల్లె. ఆ ప్రాంతపు చెల్క నేలలలో వాననమ్ముకొని జొన్న, కంది, ఆముదము పండించెడివారు. ఇంటికి గటక కావలెను గనుక కోళ్ళకొఱకు ప్రత్యేకముగా చేను వేయుట అరుదు. కోడి వంతు కళ్ళములో దొరకెడిది: తూర్పారబట్టగా మిగిలిన తాలు, విసరగా రాలిన నూక, చేనిలోని పరిగె. గింజలో చాలని మాంసకృత్తులను పెంటకుప్పలోని పురుగులు సమకూర్చెడివి. ఆ కోడి మనిషి తిండికి పోటీ రాలేదు.

పంజరపు కోళ్ళు వచ్చి ఈ పొత్తును చెఱచినవి. గుడ్లు పెట్టు కోడి దినమునకు సుమారు 110 గ్రాముల మేత తినును. ఏడాదికి 40 కిలోలు. పది కోళ్ళకు 400 కిలోలు! వానకారు చెల్కలో అది ఇంచుమించు ఒక ఎకరపు జొన్న. చిన్నరైతు మేత కొనక తప్పినది కాదు. ఆ మేతలో మొక్కజొన్నదే పెద్దపీట. దాని రంగు వలన సొన పచ్చగా నుండును, జొన్న మేపిన గుడ్డు సొన వెలవెలబోవును. పచ్చియాకు మేపినచో ఆ లోపము తీరుననుట వేఱు మాట.

రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ కోళ్ళను పెరటి పెంపకమునకే రూపొందించినది. అవి సగము మేత తామే వెదకికొన్నచో పదింటికి అర ఎకరపు జొన్న చాలును. చొప్ప పశువులకు మిగులును. ఆ అర ఎకరము కొండాపూరులో నిక దొరకదు. చేవెళ్ళ, శంకరపల్లి వైపు ఇంకను కలదు.