విద్యుత్ కార్ల భద్రత: పెట్రోలు కార్లతో పోలిక

విద్యుత్ కార్ల భద్రత అన్నప్పుడు మంటలు, గుద్దుకున్నప్పుడు లోపలివారికి తగిలే దెబ్బలు, రోడ్డు మీద నడిచేవారికి ఉండే ముప్పు చర్చకు వస్తాయి. వార్తల్లో వాటా ఎక్కువగా మంటలదే. అయితే ప్రయాణికుడి ప్రాణానికి మిగతా రెండూ అంతకన్నా ముఖ్యం కావచ్చు.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా నగరాల్లో ఏ బెడదా లేని బండి అని పేరున్నది విద్యుత్ కారుకే. పెట్రోలు కారు కదలాలంటే దాని ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాలి. ఇంజను ఎదురుతన్నిందంటే మణికట్టు విరిగేది. బేకర్, డెట్రాయిట్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీల కార్లకు ఆ బాధ లేదు. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. విచిత్రమేమిటంటే అదీ బ్యాటరీతో పనిచేసేదే. విద్యుత్ కారుకున్న పెద్ద ఆకర్షణ దాంతో పోయింది.

ఆ తరవాత చాలాకాలం కారు మంటలంటే పెట్రోలు మంటలే. 1970లో మార్కెట్‌లోకి వచ్చిన ఫోర్డ్ పింటోలో ట్యాంకును వెనక ఇరుసుకూ బంపరుకూ మధ్య పెట్టారు. వెనక నుంచి మరో బండి గుద్దితే ట్యాంకు చిరిగి పెట్రోలు కారేది. కేసులు, పత్రికల విమర్శల నడుమ 1978లో ఫోర్డ్ సుమారు 15 లక్షల కార్లను రీకాల్ చేసింది. 1980లో అమెరికా రోడ్లపై కాలిన వాహనాలు నాలుగున్నర లక్షలకు పైమాటే. ట్యాంకుల చోటు మారింది, నిబంధనలు బిగిశాయి, సంఖ్య సగానికన్నా తగ్గింది. ఇప్పటికీ అక్కడ ఏటా లక్షన్నరకు పైగా వాహనాలు కాలుతూనే ఉన్నాయి. అలవాటైపోయిన ప్రమాదం కాబట్టి అవి జిల్లా పేజీ దాటవు.

భారతదేశపు తొలి విద్యుత్ కార్లలో పేరున్న బెంగళూరు రేవా 2001లో అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్నవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. మంట భయం తక్కువే గానీ కారు ఒళ్లే పలచన. లండన్‌లో దీన్ని జీ-విజ్ పేరుతో అమ్మారు. అక్కడ క్వాడ్రిసైకిల్ (తేలికపాటి నాలుగు చక్రాల బండి) కింద లెక్కగట్టడంతో మామూలు కార్లకుండే క్రాష్ పరీక్షలు దీనికి వర్తించలేదు. 2007లో టాప్ గేర్ పత్రిక గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, లోపలివారికి తీవ్ర గాయాలు తప్పవని తేలింది.

లిథియం అయాన్ బ్యాటరీలతో కొత్త రకం మంట వచ్చింది. దెబ్బ తగిలో, తయారీ లోపం వల్లో బ్యాటరీలోని ఒక సెల్ హద్దు మీరి వేడెక్కితే, లోపలి రసాయన చర్యలే ఇంకా వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది. దీన్ని థర్మల్ రన్‌అవే అంటారు. పెట్రోలు మంట చప్పున ఎగసి, ఇంధనం అయిపోగానే ఆరిపోతుంది. బ్యాటరీ మంట ఆరినట్టే ఆరి, గంటల తరవాతో రోజుల తరవాతో మళ్లీ రాజుకోవచ్చు.

ఈ తేడా 2011లో అధికారులకు ప్రత్యక్షంగా తెలిసొచ్చింది. ఆ ఏడాది మేలో అమెరికా రహదారి భద్రతా సంస్థ విస్కాన్సిన్‌లో ఒక షెవ్రొలే వోల్ట్‌ను పక్కనుంచి స్తంభానికి గుద్దించి, ఆపైన తలకిందులుగా తిప్పి పరీక్షించింది. పని ముగిశాక కారును ఆవరణలో వదిలేశారు. బ్యాటరీలోని ఛార్జి దించలేదు. మూడు వారాలకు అది తనంతట తానే అంటుకుని పక్కనున్న కార్లనూ కాల్చేసింది. బ్యాటరీకి చిల్లుపడి, కారిన కూలెంట్ వల్ల షార్ట్ సర్క్యూట్ అయిందని తేల్చారు. జనరల్ మోటార్స్ బ్యాటరీ చుట్టూ రక్షణ పెంచింది. 2013లో రోడ్డు మీది ఇనుప ముక్కలు కింద తగిలి టెస్లా మోడల్ ఎస్ కార్లు కాలాయి. మరుసటి ఏడాది కారు కింద టైటానియం పలక చేర్చారు. 2021లో సెల్ తయారీ లోపాల కారణంగా షెవ్రొలే బోల్ట్ కార్లన్నిటినీ, సుమారు 1,42,000, రీకాల్ చేయాల్సి వచ్చింది. వరుస చూస్తే ముందు ప్రమాదం, వెనక జాగ్రత్త. పింటో నాటి కథే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ భయం కార్లతో కాక స్కూటర్లతో మొదలైంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి, పొగకు ఎనిమిది మంది బలయ్యారు. ఆ డిసెంబరు నుంచి కేంద్రం స్కూటర్లకు ఏఐఎస్-156, కార్లకు ఏఐఎస్-038 బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసింది. 2018 నాటి ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం బ్యాటరీ ప్రమాదం క్యాబిన్‌కు చేరడానికి 5 నిమిషాల ముందే హెచ్చరిక రావాలి. చైనా 2025లో ఇంకో మెట్టెక్కి, అసలు నిప్పే రాకూడదంది. అది 2026 జులై నుంచి అమలయ్యేలా ప్రకటించింది.

ఏది ఎక్కువగా కాలుతుంది? స్వీడన్ ప్రభుత్వ లెక్కల్లో 2022లో సుమారు 6,11,000 విద్యుత్, హైబ్రిడ్ కార్లలో 23 కాలగా, 44 లక్షల పెట్రోలు, డీజిల్ కార్లలో ఏటా దాదాపు 3,400 కాలుతున్నాయి. విద్యుత్ కార్లు ఎక్కువగా కొత్తవి కనుక ఈ పోలికను కాస్త తగ్గించి చదవాలి. అంత పెద్ద తేడా మాత్రం వయసు ఒక్కదానితో వచ్చిందనుకోలేం. 2023 అక్టోబరులో లండన్ దగ్గరి లూటన్ విమానాశ్రయ పార్కింగ్‌లో వెయ్యికి పైగా కార్లు కాలితే, తప్పంతా విద్యుత్ కారుదేనని పుకారు లేచింది. మొదలైంది డీజిల్ కారులోనని అగ్నిమాపక శాఖ చెప్పింది. 2024 ఆగస్టులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో మాత్రం సెల్లార్‌లో నిలిపిన విద్యుత్ కారే అంటుకుంది. స్ప్రింక్లర్లను సిబ్బందే ఆపేయడంతో నష్టం పెరిగింది.

గుద్దుకోవడాల దగ్గర లోపలివారికి విద్యుత్ కారే మేలు. బ్యాటరీ బరువు అడుగున ఉండటంతో బోల్తా పడటం తక్కువ. ఒకే మోడల్‌లో రెండు రకాలున్న కార్లను అమెరికా బీమా పరిశోధకులు పోల్చగా, విద్యుత్ రకాల్లో ప్రయాణికుల గాయాల క్లెయిములు 40 శాతానికి పైగా తక్కువని 2021లో తేలింది. 2024లో మన దేశపు క్రాష్ పరీక్షల కార్యక్రమం భారత్ ఎన్‌క్యాప్ పరీక్షించిన తొలి విద్యుత్ కార్లు, టాటా నెక్సాన్, పంచ్, ఐదేసి నక్షత్రాలు సాధించాయి. ఆ బరువే ఎదుటివారికి శాపం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరీక్షలో మూడు టన్నులు దాటిన రివియన్ విద్యుత్ పికప్ రోడ్డు పక్క ఇనుప రెయిలింగ్‌ను చీల్చుకుని దూసుకుపోయింది.

నడిచేవారికి మరో చిక్కు, చప్పుడు లేకపోవడం. 2013–17 నాటి బ్రిటన్ ప్రమాదాలపై 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, సమాన దూరానికి లెక్కిస్తే పాదచారులను విద్యుత్, హైబ్రిడ్ కార్లు గుద్దే అవకాశం పెట్రోలు, డీజిల్ కార్లకు రెట్టింపు. ఆ ప్రమాదాల తరవాతి ఏళ్లలో ఐరోపాలో తక్కువ వేగంలో కృత్రిమ శబ్దం చేసే పరికరం తప్పనిసరైంది. 2019లో కొత్త మోడళ్లకు, 2021 నుంచి కొత్తగా అమ్మే ప్రతి విద్యుత్, హైబ్రిడ్ కారుకూ.