మోటారు వాహనాల లోప నిర్ధారణ: ఓబీడీ ఎలా వచ్చింది?
1970ల వరకు మెకానిక్ ఎక్కువగా ఇంజిన్ శబ్దం విని, స్పార్క్ ప్లగ్ మీది మసి రంగు చూసి లోపం పట్టేవాడు. ఇంధనం ఎంత పంపాలో కంప్యూటర్ నిర్ణయించడం మొదలయ్యాక ఆ విద్య ఒక్కటే చాలలేదు. సెన్సార్ తప్పు చెబితే కాలుష్యం పెరుగుతుంది, చెవికి మాత్రం ఏమీ తెలియదు.

అమెరికాలో 1981 నాటి జనరల్ మోటార్స్ కార్లలో దీనికొక ఉపాయం ఉండేది. డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో రెండు పిన్నులను తీగముక్కతో కలిపితే ‘చెక్ ఇంజిన్’ దీపం మిణుకుమనేది. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే అది 12వ కోడ్. దాని అర్థం మాన్యువల్‌లో వెతుక్కోవాలి. కంప్యూటర్‌తో తీగముక్క సాయంతో మాట్లాడటమన్నమాట! అయితే మరో కంపెనీ కారుకు సాకెట్టూ వేరే, కోడ్లూ వేరే.

ఈ చిక్కు విడిపోయింది మెకానిక్‌ల కోసం కాదని విద్యార్థులు గమనించాలి. లాస్ ఏంజెలస్‌ను కమ్మేసిన పొగ వల్ల కాలిఫోర్నియా వాయు వనరుల మండలి కఠినంగా వ్యవహరించింది. ఉద్గారాలను పెంచే లోపాలను కారే పసిగట్టి దీపంతో తెలపాలని 1988 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది. ఇదే ఆన్-బోర్డ్ డయాగ్నోస్టిక్స్, అంటే ఓబీడీ. 1996 నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. 16 పిన్నుల సాకెట్ అన్నిటికీ ఒకటే. పి0301 అంటే ఏ కంపెనీ కారులోనైనా ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్. తప్పు ప్లగ్‌దా, కాయిల్‌దా, ఇంజెక్టర్‌దా అన్నది ఇప్పటికీ మెకానిక్ తేల్చాల్సిందే.

చట్టం కోరింది కాలుష్య సమాచారమే. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల వివరాలు చాలావరకు కంపెనీల సొంత పరికరాలకే దక్కాయి. ఆ సమాచారం బయటి షాపులకూ అమ్మాలంటూ 2012లో మసాచుసెట్స్ ఓటర్లు ‘రిపేరు హక్కు’ చట్టానికి ఓటు వేశారు.