బుట్టలో పడ్డ రాణులు

పోయిన డిసెంబరులో మా మనవరాలి స్కూలు వార్షికోత్సవానికి దాన్ని ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ వేషం వెయ్యమన్నారు. "నానమ్మా, నా గౌను ఇంత వెడల్పుగా నిలబడాలి!" అంటూ రెండు చేతులూ బార్లా చాచి చూపించింది. కుట్టుమిషను తొక్కడం వచ్చునన్న ధీమా కొద్దీ నేనూ సరేనన్నాను. నా పెట్టెలో అడుగున పడివున్న పాత జరీచీర తీసి, దగ్గర దగ్గరగా కుచ్చిళ్ళు పెట్టి, రెండు రాత్రులు కూచుని కుట్టాను. తీరా తొడిగి చూద్దును కదా, రాణీగారు కాదు, వానలో తడిసి ముడుచుకున్న గొడుగు! జరీ బరువుకి గుడ్డంతా జారి కాళ్ళకి చుట్టుకుపోయింది. లోపల ఏదో ఆధారం వుంటే తప్ప ఇంత బరువు గుడ్డ నిలబడదని అప్పటికిగాని నా బుర్రకి తట్టలేదు.

ఆ ఆధారం కథ వెతుక్కుంటూ పోతే స్పెయిన్ దేశంలో తేలాను. అయిదు వందల అరవై ఏళ్ళ కిందట అక్కడి కాస్తీల్ రాజ్యానికి జువానా అనే రాణి వుండేది. తన కడుపు లోకానికి తెలియకుండా దాచుకోవడానికి ఆవిడే గౌనుకి పుల్లల చట్రం కట్టించిందని ఓ చెప్పుడు మాట. నిజమెంతో గాని, కొత్త ఫ్యాషనేదొచ్చినా దాని వెనక ఓ ఆడదాని గుట్టు వెతకడం లోకానికి అలవాటే కదా. మొదట్లో ఆ కట్లు గౌను పైనే, అందరికీ కనపడేటట్టే కుట్టుకునేవారట. తరవాత అవి లోపలికి చేరాయి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు లేత కొమ్మ అనే మాటలోంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ నోట అది ఫార్తింగేల్ అయింది. 1501లో ఇంగ్లండు యువరాజుని పెళ్ళాడడానికి స్పెయిన్ రాకుమారి కేథరిన్ వచ్చినప్పుడు, ఆవిడతో పాటు ఈ చట్రం కూడా సముద్రం దాటింది. 1580లో మాడ్రిడ్‌లో అచ్చయిన ఓ దర్జీ పుస్తకంలో దీన్ని ఎట్లా కత్తిరించాలో బొమ్మతో సహా వుంది.

మా మనవరాలు చూపించిన బొమ్మ మాత్రం ఆ తరవాతి రకం. ఎలిజబెత్ రాణి ఇంగ్లండు పటం మీద నిలబడివున్న చిత్రం ఒకటుంది, 1592 నాటిది. అందులో ఆవిడ గౌను నడుము దగ్గర నించే చక్రంలా అడ్డంగా వెళ్ళి, అక్కణ్ణించి డోలులా నిటారుగా కిందికి దిగుతుంది. అంత చక్రం కొనుక్కోలేని ఆడవాళ్ళు నడుముకి దూది కూరిన గుడ్డచుట్ట కట్టుకునేవారు. ఇది చదవగానే నాకు మా అమ్మ బిందె కింద పెట్టే చుట్టకుదురు గుర్తొచ్చింది. రెండూ చేసే పని ఒకటే. బరువుని ఒక్కచోట పడనివ్వకుండా చుట్టూ పంచిపెట్టడం.

స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్‌కి ఈ బుట్టలు కంటగింపయి 1639లో నిషేధించాడు. వేశ్యలకి తప్ప మరెవరికీ వీల్లేదన్నాడు. అట్లా అంటే సిగ్గుపడి మానేస్తారని కాబోలు! ఎవరూ మానలేదు సరిగదా, 1656లో వెలాస్కెజ్ వేసిన ప్రసిద్ధ చిత్రంలో ఆ రాజుగారి సొంత కూతురు, అయిదేళ్ళ పసిపిల్ల, నిక్షేపంలా ఆ బుట్టగౌనులోనే నిలబడివుంది.

తరవాత పద్దెనిమిదో శతాబ్దంలో దీన్ని ఫ్రెంచివాళ్ళు ఏ దాపరికం లేకుండా పానియే అన్నారు. అంటే బుట్ట అనే అర్థం. ముందూ వెనకా చదునుగా, రెండు పక్కలా మాత్రం గాడిద మీద గంపల్లా వుండేది. పేముతోనో, తిమింగిలం నోట్లో వుండే గట్టి పొరల్ని చీల్చి తీసిన బద్దలతోనో కట్టేవారు. ఆ బద్దల్ని ఎముకలంటారు గాని అవి ఎముకలు కావు. కొలువుకి వెళ్ళే గౌన్లయితే అయిదారడుగుల వెడల్పు కూడా వుండేవి. గుమ్మంలోంచి పక్కవాటుగా నడవాల్సిందే. అందుకని కొన్నిటికి మడతబందులు పెట్టి, చంకల కిందికి ఎత్తుకునే ఏర్పాటు కూడా చేశారు. బయట ఫ్యాషన్ మారిపోయి గౌను నడుము రొమ్ము కిందికి ఎక్కేసినా, ఇంగ్లండు రాజదర్బారులో మాత్రం బుట్ట వుండితీరాలన్నారు. పాపం, ఆ అమ్మలు చంకల దగ్గర నించే గంపలు మొలిచినట్టు కనిపించేవారు. 1820లో నాలుగో జార్జి గద్దెనెక్కాకగాని వాళ్ళకి విముక్తి దొరకలేదు.

ఇవన్నీ గొప్పింటివాళ్ళ ముచ్చట్లు. అసలు అందర్నీ బుట్టలో వేసింది క్రినోలిన్. గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గట్టి గుడ్డకి మొదట ఆ పేరు. గౌను గుండ్రంగా నిలవాలంటే ఆ లంగా మీద గంజి పెట్టిన లంగాలు మరో అయిదారు తొడుక్కోవాలి. వేసవిలో ఆ అవస్థ మీరే వూహించుకోండి. 1856లో సన్నటి ఉక్కు స్ప్రింగుపట్టీలతో పంజరంలాంటి లంగా పేటెంటయింది. ఈనాడు కార్లకి పేరుపడ్డ ప్యూజో వంశంవాళ్ళు కూడా ఆ రోజుల్లో ఈ పట్టీలు తయారుచేశారు. మనం బొమ్మ చూసి నవ్వుతాం గాని, ఆనాటి ఆడవాళ్ళకి అది నిజంగా హాయినే ఇచ్చింది. అన్ని లంగాల బరువూ వదిలింది, కాళ్ళాడాయి. దొరసానులే కాదు, పనిపిల్లలూ మిల్లు కూలీలూ కూడా తొడిగారు. యంత్రాల మధ్య ఇవేమిటని 1860లో ఓ ఇంగ్లీషు బట్టల మిల్లు వాటిని ఇంటి దగ్గరే వదిలి రమ్మని ఆర్డరు వేసింది.

కానీ దాని రెండో ముఖం వుంది చూశారూ, అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పంజరం గుడ్డని వొంటికి దూరంగా పట్టివుంచుతుంది. అంచు ఎక్కడ వూగుతోందో, పొయ్యికి ఎంత దగ్గరగా పోయిందో తొడుక్కున్నవాళ్ళకి తెలియదు. నిప్పంటుకుందా, లోపలంతా గాలే కనక ఒక్క లిప్తలో పైకి లేస్తుంది. ఒక్కసారిగా చుట్టి ఆర్పుదామన్నా ఆ ఉక్కుకట్లు అడ్డం. గాయపడ్డ సైనికులకి సేవచేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నర్సింగు పుస్తకంలోనే ఈ గౌన్ల ప్రమాదం గురించి గట్టిగా చెప్పింది. ఎవరు విన్నారు? 1863 డిసెంబరు 8న చిలీ దేశపు శాంటియాగోలో పండగ పూజకి కిక్కిరిసిన చర్చి అంటుకుంది. రెండు వేల మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ద్వారాల దగ్గర ఒకరి మీద ఒకరు పడి దారి మూసుకుపోయింది. ఆ వెడల్పాటి గౌన్లు తప్పించుకోనివ్వకపోవడానికి ఒక కారణమన్నారు. మన వంటిళ్ళలో కిరసనాయిలు స్టవ్వులూ, నైలాను చీరలూ ఒక్కచోట వున్న రోజులు ఎరిగినవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

తరవాత ఆ గుండ్రమంతా వెనక్కి జరిగి, నడుము వెనక మూపురంలా ఇంకో ఇరవై ఏళ్ళు వేళ్ళాడి పోయింది. కూచున్నప్పుడు ముడుచుకుని, లేస్తే మళ్ళీ విచ్చుకునే స్ప్రింగు రకం కూడా వచ్చింది, లిల్లీ లాంగ్‌ట్రీ అనే నటి పేరుమీద. దాని సంగతి అంతే.

ఇంతకీ మా రాణీగారి మాట. ఇనపతీగతో చేసి చూశాను, వొంగిందల్లా వొంగినట్టే వుండిపోయింది. ఫ్రెంచివాళ్ళు బుట్ట అన్నారు కదా, బుట్టలల్లేవాళ్ళనే అడుగుదామని మార్కెట్టు వెనక మేదరివాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన నా కొలతలు విని కాసేపాలోచించి, "కోళ్ళగంపాండీ అమ్మగారూ? మరి పైన మూత వద్దంటారేం?" అన్నాడు. సంగతి చెప్పాక పడీపడీ నవ్వి, పేముని తడిపి వొంచి నాలుగు కట్లు చేసిచ్చాడు. పైది చిన్నది, కిందిది అన్నిటికన్నా పెద్దది. నడుముపట్టీ నించి ఆరు నాడాలు దింపి కట్లని వాటికి కుట్టాను. కింది కట్టు నేలకి జానెడు పైన ఆగాలి, లేకపోతే కాలు అందులో పడుతుంది. పైన వొట్టి నూలులంగా ఒకటి తొడగాలి, లేకపోతే కట్లు పక్కటెముకల్లా పట్టులోంచి కనిపిస్తాయి. ఈ రెండూ నేను తప్పుచేసి నేర్చుకున్నవే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కూచోడం. మామూలుగా కూలబడిందంటే ముందుభాగం లేచి మొహానికి తగులుతుంది. వెనకవైపు కట్టుని చేత్తో కాస్త ఎత్తి, కుర్చీ అంచున మాత్రమే కూచోవాలి. వారం రోజులు మా హాల్లో ఇదే సాధన. మా కోడలు చూసి, "అత్తయ్యా, నా పెళ్ళి రిసెప్షనుకి లెహంగా కింద కాన్‌కాన్ వేశారు గుర్తుందా? ఆ పూటంతా నేను మంచినీళ్ళు కూడా తాగలేదు, మళ్ళీ బాత్‌రూముకి వెళ్ళాలంటే ఎట్లాగని" అంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఆ మాట నాతో అనడం అదే మొదలు. ఆ రోజు స్టేజి కింద నించుని, కొంచెం నవ్వమ్మా అని దాన్ని సతాయించింది నేనే.

నాటకం బాగానే జరిగింది. రాణీగారు సింహాసనం మీద కూచోడం మరిచిపోయి చివరిదాకా నిలబడే ఆజ్ఞలిచ్చింది. ఆ పేముబుట్ట ఇప్పుడు మా డాబా మీదుంది. వేసవిలో వడియాలు పెట్టినప్పుడు దాన్ని బోర్లించి పైన పాత పంచె కప్పుతున్నాను. కాకులు దగ్గరికి రావడంలేదు.