సరుగుడు వేరునందలి సూక్ష్మజీవి



భావనపాడు తీరమున నొకవంక సముద్రము, వేఱొకవంక నౌపడ ఉప్పుమళ్లు, నడుమనున్నది ఇసుకనేల. ఇసుకకు సత్తువ నిలుపుకొను గుణము తక్కువ. వేసిన యెరువు నాలుగు వానలకే అడుగునకు దిగిపోవును. అట్టి నేలయందే సరుగుడుచెట్టు నాలుగైదేండ్లలో వాసమునకు వచ్చును. దాని కీ యాహార మెక్కడనుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రమే నేటి విషయము.

సరుగుడు మన దేశమందంతటను స్వయముగా పుట్టిన చెట్టు కాదు. ఆస్ట్రేలియాయు, ఆగ్నేయాసియా ద్వీపములును దాని పుట్టినిండ్లు. 19వ శతాబ్దమున చెన్నరాజధానియందు వంటచెఱకునకును, పొగబండ్లకు కట్టెలకును సముద్రతీరముల వెంట దీనిని తోటలుగా వేసిరి. గాలి కడ్డు నిలుచును, ఇసుకను కదలనీయదు. అందుచే తీరవాసులకు అది తమ చెట్టే యైనది.

ఇక ఆహారము మాట. పైరున కావశ్యకములైన వానిలో నత్రజని ముఖ్యము. గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు నత్రజనియే. కాని సముద్రమునడుమ నున్నవానికి త్రాగునీరు దొరకనట్లే, గాలిలోని నత్రజని చెట్టునకు నేరుగా దక్కదు. జనుము, జీలుగ చల్లి కలియదున్నినచో వరి బాగుగా పండునని మన రైతు లనాదిగా నెఱుగుదురు. ఫలమెఱుగుట వేఱు, కారణమెఱుగుట వేఱు. ప్రాచీనులయందు భక్తి కలవారము గనుక రెండవదియు వారికి కట్టబెట్టుట వారికి గౌరవము కాదు. కారణమును 1886లో జర్మనీదేశపు హెల్‌రీగెల్ వెల్లడించెను: పప్పుజాతి మొక్కల వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు జీర్ణమగునట్లు మార్చుచున్నవి. 1888లో హాలెండుదేశీయుడు బైజెరింకు ఆ జీవులను వేరుచేసి పెంచి చూపెను.

సరుగుడు పప్పుజాతిది కాదు. అయినను దాని వేళ్లకును పగడపుగుత్తులవంటి బుడిపెలు కలవు. ఇట్టి బుడిపెలలోని జీవికి 1886లోనే బ్రంకోర్స్టు, ఫ్రాంకు పండితుని గౌరవార్థము, ఫ్రాంకియా యని పేరిడెను. పేరు దొరకినది గాని జీవి చేతికి చిక్కలేదు. వేరునుండి తీసి పాత్రలో పెంచవలెనని యెందఱో యత్నించిరి. తుదకు 1978లో అమెరికాదేశమున కాలహాము, డెల్ ట్రెడిసి, టోరీ యను మువ్వు రొక చిన్నపొద వేరునుండి తీసి పెంచగలిగిరి. నామకరణమునకును దర్శనమునకును నడుమ తొంబదిరెండేండ్లు! ఈ ఫ్రాంకియాకు నేలలోనే బంధువులు కలవు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధ్యక్షులై యుండిన అమెరికా సంస్థనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను మందును ఇచ్చిన మట్టిజీవి ఆ కుదుటిదే.

పిమ్మట జీవియొక్క వ్రాతను చదువు కాలము వచ్చెను. ప్రతిజీవి దేహమందును డీఎన్‌ఏ యను దారము కలదు. దానిపై నాలుగే అక్షరములతో ఆ జీవి గుణములన్నియు వ్రాయబడియున్నవి. ఆ వ్రాతనంతటిని జీనోము అందురు. దానిని చదువుటకు ఇంగ్లండుదేశపు సాంగరు 1977లో సులభమైన విధానమును కనుగొనెను. 1995లో మొదటిసారిగా నొక బాక్టీరియా జీనోము పూర్తిగా చదువబడెను. 2000లో జపానువారు వేరుబుడిపెల బాక్టీరియా యొకదానిని చదివిరి. 2007లో మూడు ఫ్రాంకియాల వ్రాతలు ప్రకటింపబడెను. అందొకటి సరుగుడుజాతి వేరునుండి తీసినది.

ఆ మూడును సన్నిహితజ్ఞాతులే. కాని వ్రాతల పొడవు చూడుడు. సరుగుడుజాతిలో నుండుదాని వ్రాత సుమారు 54 లక్షల అక్షరములు. ఉత్తరదేశపు ఆల్డరుచెట్టుదానిది 75 లక్షలు. పెక్కు జాతుల చెట్లతో పొందు కలదానిది 90 లక్షలు. కారణ మేమి? అనేకుల యిండ్లకు పోవువాడు మూటనిండ సామగ్రి పెట్టుకొనును. ఒకే యింట నిలిచినవాడు అనవసరమైనవి విడిచిపెట్టును. సరుగుడు ఫ్రాంకియా ఒక్క కుటుంబమునే నమ్ముకొని, అక్కఱలేని జన్యువులను విడిచినది. పలుచోట్ల తిరుగునవి తమ జన్యువులను రెట్టించుకొన్నవి. ఇట్లు ఆ వ్రాత గుణములనే గాక పూర్వచరిత్రమునుగూడ తెలుపుచున్నది.

ఇందువలన మన కేమి లాభమని అడుగుదురు. ఉన్నది. ఒకే యింటిని నమ్ముకొన్న జీవి అన్ని నేలలయందు నుండదు. సరుగు డెన్నడును పెరుగని చోట నారు నాటిన, వేరునకు తోడు దొరకకపోవచ్చును. నేడు కొబ్బరిపీచు పొట్టులో పెంచిన మొక్కలు అమ్మకమునకు వచ్చుచున్నవి. వానికి పాతతోట మట్టి తగులదు. కావున నారు కొనునపుడు ఆకు పచ్చదనము మాత్రమే చూడక, వేరు చూడుడు. బుడిపెలు లేనిచో, ఆరోగ్యముగల పాతతోటనుండి మట్టినిగాని, బుడిపెలను నూఱిన నీటినిగాని నారుమడిలో కలుపుడు. ఎండుతెగులు తగిలిన తోట మట్టి మాత్రము తేరాదు.

వేఱొక హెచ్చరిక. సూక్ష్మజీవుల పొట్లములు నేడు అంగళ్లలో విక్రయింపబడుచున్నవి. మంచివియు కలవు. కాని అన్ని పైరులకు నొక్కటే చాలునని చెప్పువానిని నమ్మవలదు. వేరుసెనగకు తోడైనది సరుగుడునకు తోడు కాదు. పప్పుజాతి జీవులు వేరును పలుకరించుటకు వాడు ప్రసిద్ధజన్యువులు ఈ మూడు ఫ్రాంకియాలలో కానరాలేదు. వీని పలుకుబడి వేఱు. అయినను, ఈ రెండు విధముల జీవులను లోనికి రానిచ్చుటకు చెట్టువైపున పనిచేయు జన్యువొకటి సరుగుడునకును పప్పుజాతికిని సమానమేయని 2008లో తెలిసినది. పలుకులు రెండు, గడియ యొక్కటి. ఆ గడియ మర్మము పూర్తిగా తెలిసినచో వరికిని ఇట్టి తోడు కూర్పవచ్చునని శాస్త్రజ్ఞు లాశించుచున్నారు. అది యింకను సిద్ధింపలేదు.

అందాక మన చేతనున్నది మట్టిని కాపాడుట. పాతతోట కొట్టినపుడు మోళ్లు పెకలించి, వేళ్లన్నియు ఏరి, పొయ్యిలోనికి పంపుట వాడుక. కట్టె మనది. కాని ఆ బుడిపెలలో కొంత మిగిల్చి మట్టికే విడుచుట, రాబోవు తోటకు విత్తనము దాచుటయే యగును.